అటువైపు లాగుడు ఎక్కువ

మెడపట్టీకి టాల్కం పౌడరు రాస్తోంది టూర్గున్,
అరవై మూడేళ్ల మనిషి,
పసివాడికి నీళ్లుపోసి పూసినట్టు.
రబ్బరు బిగువులోకి తల దూర్చి
రెండోసారి పుట్టాను,
ఈసారీ ఏడుపుమొహంతోనే.
లోపల రెండు వరసల ఊలు, పైన డ్రైసూటు,
నడుముకి పద్నాలుగు కిలోల సీసం.
మనాడో అవతల మా దీవిలో నేను కట్టేది మూడే కిలోలు,
అదీ మొహమాటానికి.

నార్వే నీళ్లు. నాలుగు డిగ్రీలు.
ముందు పెదవులు పోయాయి.
నోట్లో గొట్టం ఉందో లేదో పళ్లనడిగి తెలుసుకోవాలి.
నుదుటి మీద ఎవరో మేకు దిగ్గొడుతున్నారు
నిదానంగా, కొలత చూసుకుంటూ.
మూడువేళ్ల గ్లవుజులో
"బాగున్నాను" అనే సున్నా చుట్టడం రాక
పీతలా చెయ్యి ఆడించాను.
ఆమె నవ్వినట్టుంది,
మాస్కు అంచున నీళ్లు చేరాయి.

మా సముద్రం అడక్కుండానే అన్నీ పరిచేస్తుంది.
పాత టీషర్టుతో దిగినా చాలు,
తాబేలు మన ఉనికి పట్టించుకోకుండా
నమిలేది నములుతూనే ఉంటుంది.
ఇక్కడ ఏదైనా దీపం పట్టుకుని అడగాలి.
అడగ్గా అడగ్గా
ఆకుపచ్చ చీకటి ఒక రాయిని ఇచ్చింది,
తోలుపట్టీల్లాంటి నాచు,
దాని మొదట్లో మగ లంప్ చేప,
ఉడికిన చిలగడదుంపంత, దాదాపు అదే రంగు,
పొట్టతో రాయిని కరుచుకుని
గుడ్లకి కాపలా.
నా వెలుగు కళ్లలో పడినా కదల్లేదు.
టూర్గున్ పలక మీద పెన్సిల్‌తో రాసింది:
"తిండి మానేసి నాలుగో వారం."
ఆ చేప ముందు నిలబడ్డానికి నాకు సిగ్గేసింది.

అక్కణ్ణించి ఎడమకి తిరిగింది ఆమె,
ఒకప్పుడు సాల్మన్ పంజరాలు వేలాడిన చోటికి.
చుట్టాలకి ఎవరూ చూపించని గది అది.
పదహారు మీటర్ల దగ్గర అడుగు తెల్లగా ఉంది.
ఇసుక కాదు.
కుళ్లిన మేత మీద
పాలమీగడలా కట్టిన పొర.
ఒక పీత దాటబోయి, ఆగి, వెనక్కి మళ్లింది.
టూర్గున్ దీపం పక్కకి తిప్పలేదు.
చూడు, అంది చేత్తో.
ఇంకా చూడు.

తెలుపు నాకు తెలుసు.
మూడేళ్ల కిందట మా నీళ్లు ముప్పై రెండు డిగ్రీలకి ఎక్కి
దిగడం మర్చిపోయాయి.
ఇక్కడికి బయల్దేరుతుంటే అమ్మ
చలి చంపేస్తుందని కంబళి మీద కంబళి కుక్కింది.
మా పగడాల గోడని చంపింది వెచ్చదనం.
నెల తిరక్కుండా అంతా ఎముకలు.
సరిగ్గా ఆ నెల్లోనే వచ్చింది టూర్గున్,
పాతికేళ్ల కిందట భర్తతో చూసిన గోడని
ఒక్కతే మళ్లీ చూసుకోవాలని.
కాగితం మీద బొమ్మ గీసి తెచ్చింది:
ఇక్కడ తలుపంత విసనకర్ర పగడం,
ఇక్కడ ఈల్ చేప కన్నం,
ఇక్కడ ఆయన కెమెరా జారిపోయిన అంచు.
నేను పడవని దీవి చుట్టూ తిప్పి
కాస్త రంగు మిగిలిన మూలకి తీసుకెళ్లాను.
"అటువైపు లాగుడు ఎక్కువ" అన్నాను.
ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.
పోతూ పోతూ బక్షీసు కూడా ఇచ్చింది.

ఒడ్డున, పడవల కొట్టంలో,
వేళ్లలోకి నెత్తురు సూదుల్లా తిరిగొస్తుంటే
గోధుమరంగు చీజు వేసిన వాఫుల్ చేతిలో పెట్టింది.
కొరకలేదు. చెప్పేశాను.
లాగుడు లేదని,
గోడ లేదని,
బక్షీసుతో ఫిన్‌లకి కొత్త పట్టీలు కొన్నానని కూడా.

గ్లవుజు తిరగేసి నీళ్లు వంచుతూ
"తెలుసు నోల్డీ," అంది.
"ఆ రోజు మన బుడగలు
నిట్టనిలువుగా పైకి వెళ్లాయి."

తర్వాత చాలాసేపు
పౌడరు డబ్బా మూత కోసం వెతికింది.
అది నా కాలి కిందే ఉంది.